సీగలపాడు బొడ్డురాయి

వైశాఖ బహుళ అమావాస్య... సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచిన వేళ! మనిషి నీడ మనిషి పాదాల కిందికే ముడుచుకుపోయే ఆ ఒక్క ఘడియ... అర్ధరాత్రికి భయపడేవాళ్లు లోకంలో కోకొల్లలు. మిట్టమధ్యాహ్నానికి భయపడాలని తెలిసినవాళ్లు బహు తక్కువ. రాత్రి తిరిగేవాటికి చీకటి చాటు కావాలి. పట్టపగటి ఎండలో నిలబడగలిగినవాటికి ఏ చాటుతోనూ పనిలేదు.

నిమ్మనపల్లెకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఎర్రమిట్ట అనే పల్లెలో ఆ ఘడియకు కుక్కలు మొరగడం మానేశాయి. గాలి స్తంభించింది. గంగులప్ప ఇంటి పెరట్లో బట్టలుతుకుతున్న ఆయన భార్య మునీశ్వరి చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. ఎక్కడినుంచి వచ్చిందో ఒక గుడ్లగూబ... నిప్పులు చెరిగే ఆ ఎండలో, రెప్ప వెయ్యకుండా, ఉతికే బండ అంచున వాలి ఒక్కసారి కూసింది!

వసారాలో నడుం వాల్చిన గంగులప్ప దిగ్గున లేచి కూర్చున్నాడు.

"తూరుపింటోళ్లు ఆర్గురూ వచ్చినారు," అంటోంది మునీశ్వరి. గొంతు ఆమెదే, పలికిన తీరు మాత్రం ఆమెది కాదు. "బాయిగడ్డోళ్లు యాడ ఉండారు? ఇంకా రాలేదే."

"ఎవురే వచ్చింది? ఎవురితో మాట్లాడతాండావు?"

ఆమె వెనక్కి తిరగలేదు. తడిచీర బండ మీదే వదిలేసి లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. ఆరు రాగిముద్దలు చేసి, బండ చుట్టూ ఆరు ఆకులు పరిచి, ఒక్కో ఆకులో ఒక్కో ముద్ద పెట్టింది. ఎండదెబ్బ తగిలిందేమోనని గంగులప్ప చెంబుతో మజ్జిగ తెచ్చాడు. ఆమె తాగలేదు. ఆయన ఆకుల వైపు చూశాడు. పొయ్యి మీదినుంచి దించి పావుగంట కాలేదు, ముద్దలన్నీ నల్లగా బూజు పట్టి, లోపలినుంచి పురుగు పట్టి కదులుతున్నాయి!

ఆ బండ పెరట్లోకి వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు.

అది వచ్చిన చోటు సీగలపాడు. పుంగనూరు దారిలో, ఎర్రమిట్ట పొలాలు దాటాక, గుట్ట కింద ఒక పెద్ద దిబ్బ ఉంది. ఎన్ని వందల ఏళ్ల కిందటిదో ఒక ఊరు అక్కడ కూలి మట్టయింది. ఇళ్ల పునాదులు, పూడిపోయిన బావి, బండల్లో తొలిచిన రోలు గుంతలు, అడుగడుక్కీ కుండపెంకులు... ఇంతే దానికి మిగిలిన ఆస్తి. రెవెన్యూ కాగితాల్లో దానికి బేచిరాకు అని పేరు, అంటే మనుషులు లేని ఊరని. మనుషులు లేకపోయినా మట్టికి మాత్రం గిరాకీ ఉంది. పాత ఊళ్ల బూడిద, పేడ, చెత్త అంతా కలిసి మగ్గిన ఆ పాటిమన్ను చేలో చల్లితే టమోటా చెట్టు కాపు ఆపదు. చుట్టుపక్కల రైతులు తాతల నాటినుంచి అక్కడ మన్ను తవ్వుకుంటూనే ఉన్నారు. తవ్వేవాళ్లందరికీ తెలిసిన కట్టుబాటు ఒకటే. మన్ను ఎంతైనా తెచ్చుకోవచ్చు, పాడు మీదినుంచి రాయి మాత్రం తేకూడదు.

గంగులప్పకూ అది తెలుసు. తెలిసే తెచ్చాడు! ఇంట్లో ఉతికే బండ రెండు ముక్కలై ఏడాది అయింది. దిబ్బ నడుమ మోకాలెత్తు నిలబడి ఉన్న ఆ నున్నటి నల్లరాయి చూసేసరికి, ఇంత మంచి రాయి ఎవరికీ పనికిరాకుండా పడి ఉండటమేమిటని ఆయనకు అనిపించింది. ఇద్దరు కూలీలు, ఒక గడ్డపార... మన్ను లోడు మీద వేసుకుని వచ్చాడు. పెరట్లో పడుకోబెట్టి సిమెంటు పూశాడు. మునీశ్వరి ఎంత మురిసిపోయిందో చెప్పలేం.

అది ఊరి బొడ్డురాయి. ఊరు కట్టేటప్పుడు సరిగ్గా నడుమ నాటి, ఇదే మా ఊరికి బొడ్డు అని మొక్కే రాయి. దాని మీద ఆ ఇల్లాలు తొమ్మిది రోజులు మురికిబట్టలు బాదింది.

రెండో రోజు పదమూడు ముద్దలు. బాయిగడ్డోళ్లు ఏడుగురూ వచ్చారట. మూడో రోజు ఇరవై... వారం తిరిగేసరికి ఇంట్లో రాగులు అయిపోయాయి. ఆమె పక్కిళ్లలో అడిగి తెచ్చింది. ఇవ్వనివాళ్ల గడప ముందు కూర్చుంది, ఇచ్చేదాకా లేవలేదు. తాను మాత్రం ముద్ద ముట్టలేదు. పచ్చగా, నిండుగా ఉండే మనిషి, నెల తిరగకుండా ఎముకల గూడైపోయింది. రాత్రంతా కళ్లు తెరుచుకునే పడుకునేది. గంగులప్ప చేత్తో రెప్పలు మూస్తే మళ్లీ తెరుచుకునేవి.

మిట్టమధ్యాహ్నం ఆ పెరడు చూసినవాడు మళ్లీ ఆ వైపు రాలేదు. సూర్యుడు నడినెత్తిన ఉండగా, గోడకూ చెట్టుకూ నీడ లేని ఆ వేళ, ఖాళీ పెరటి నేల మీద మనుషుల నీడలు... సాయంకాలపు నీడల్లా బారుగా సాగి, బండ చుట్టూ వరసకట్టి కూర్చున్న నీడలు! మగవాళ్లవి, ఆడవాళ్లవి, చంకన పిల్లలున్న తల్లులవి... నీడలు ఉన్నాయి, ఆ నీడలు పడవలసిన ఒళ్లు లేవు!

గంగులప్పకు గుండె చెరువైంది. ఇరవై రెండేళ్ల కాపురం. మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా క్రేట్ల మీదే ఆయన పక్కన ఎన్నో రాత్రులు పడుకుంది మునీశ్వరి. ఒకసారి దళారి ఒకడు ఆయన్ను తెలివితక్కువవాడన్నాడని చీపురు తీసుకుని యార్డంతా తరిమింది. అలాంటి మనిషి ఇప్పుడు ఆయన ముఖం చూసి, 'ఇతను ఏ ఇంటివాడు' అని గాలిని అడుగుతోంది. ఆమె లేకుండా బతకడం ఎలాగో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆయనకు కావలసిందల్లా ఒక్కటే, మునీశ్వరి మళ్లీ మునీశ్వరి కావాలి.

మదనపల్లెలో డాక్టరు రక్తం తీశాడు, ఎక్స్‌రే ఫోటోలు తీశాడు, నిద్రమాత్రలు రాశాడు. అక్కడే కాలేజీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న కూతురు వెన్నెల ఫోన్ చేసినప్పుడల్లా, "మీయమ్మ చేనికాడికి పోయిందిమ్మా, పరీచ్చలయ్యేదాంక నువ్వు రావద్దు," అని గంగులప్ప అబద్ధమాడాడు.

రాయి తీసుకుపోయి ఉన్నచోటే పెట్టేద్దామని చూశాడు. గడ్డపార వంగింది. ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగితే గొలుసు తెగి గోడ పగిలింది. ఇద్దరు మనుషులతో వచ్చిన రాయి, ఇప్పుడు ఇంజనుకు కూడా వెంట్రుకవాసి కదల్లేదు!

అప్పుడు గుర్తొచ్చింది పల్లవి. పుంగనూరు పిల్ల, తిరుపతిలో పాడుబడ్డ ఊళ్ల మీద పరిశోధన చేస్తోంది. కిందటేడు సీగలపాడుకు వచ్చి, దిబ్బంతా కొలిచి, ఈ రాయి ఫోటోలు తీసుకుని పోయింది. ఫోన్ చేసిన మర్నాడే వచ్చింది. పెరట్లోకి అడుగుపెట్టి, బండ చూసి, వంగి సిమెంటు అంచు వేలితో తడిమింది.

"రాత ఉండే మొకం కిందికి పెట్టి సిమెంటు పూసినావా అన్నా," అంది.

"తప్పయిపోయింది మేడం. ఆ రాతలో ఏముండాదో చెప్పండి."

పల్లవి కిందటేడు తీసుకున్న ఫోటో ఫోన్లో చూపించింది. "మొన్ననే పూర్తిగా చదివినాను. ఆ ఊరు వదిలిపెట్టిన ఊరు కాదన్నా. మూసుకున్న ఊరు. మారిజబ్బు వచ్చింది. బయట పల్లెలకి అంటకూడదని ఊరంతా కూడి, బొడ్డురాయి పెరికి మళ్లా కొత్తగా నిలబెట్టి, చుట్టూ ఎల్ల కట్టేసుకున్నారు. రాయి నిలిచిన పొద్దు ఎల్ల లోపల ఉండేటోళ్లంతా ఊరోళ్లే. ఊరోళ్లు ఎల్ల దాటకూడదు, బతికినా సచ్చినా. అట్లని వాళ్లే రాసుకున్నారు. మున్నూట అరవై మంది. ఊరిపెద్ద కావలికని తనంతట తానే రాయి కింద కూసున్నాడంట, బతికుండంగానే."

గంగులప్ప బండ వైపు తిరిగాడు. "రాయి ఈడికొచ్చింది కాబట్టి..."

"ఊరు కూడా ఈడికే వస్తాండాది. ఆ రాయి మళ్లా ఆడనే నిలబడాల. నిలబెట్టేటప్పుడు మాత్రం మనోళ్లు ఎవురూ ఎల్ల లోపల ఉండకూడదు, అది మరవద్దు. పెద్ద క్రేను కావాల, పర్మిషన్లు కావాల. నేను పోయి మా సార్లతో మాట్లాడతాను. నెల పట్టొచ్చు."

"నెల దాంకా ఈమె ఉండదు మేడం," అన్నాడు గంగులప్ప. ఆ మాట అంటూనే ఏడ్చాడు.

ఆ నెల ఆగలేకనే ఆయన కుప్పం సిద్దప్ప దగ్గరికి పోయాడు.

మూడు రాష్ట్రాలు కలిసేచోట మకాం పెట్టుకుని, మూడు భాషల్లో మంత్రాలు నేర్చిన క్షుద్రోపాసకుడు ఆ సిద్దప్ప! జడలు లేవు, రుద్రాక్షలు లేవు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, శుభ్రంగా గీసిన గడ్డం. ఎంత ఎండలో నిలబడినా ఆ నుదుటి మీద చెమట చుక్క పుట్టదు. అదొక్కటే అతనిలో తేడా. గంగులప్ప చెప్పిందంతా విని, రాయి కింద కావలి మనిషి అన్న మాట దగ్గర ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచాడు. ఫీజు ఎంతని గంగులప్ప అడిగితే, వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో ఆ అమాయకుడు అడగవలసింది. అడగలేదు.

"వచ్చే అమాస నాడు, మిట్టమద్యానం," అన్నాడు సిద్దప్ప. "నీ పెండ్లాన్ని ఎల్ల లోపల నేను చెప్పిన తావున కూసోబెట్టాల. ఆమె మీద ఉండేటోళ్లని గుంతలోకి దించి, ఆమెను బయటికి పంపించి, ఆమీదట రాయి నిలబెడతాను. నువ్వు మాత్రం ఎల్ల దాటి లోపలికి రావద్దప్పా."

పల్లవి చెప్పింది కూడా అదే కదా అని గంగులప్ప నమ్మాడు.

జ్యేష్ఠ అమావాస్య... ఉదయం నుంచే ఆకాశం ఉడికిపోయింది. హార్స్లీ హిల్స్ వైపునుంచి నల్లటి మేఘాలు కొండచిలువల్లా పాకి వచ్చి, సూర్యుడి చుట్టూ వలయం కట్టి, సూర్యబింబాన్ని మాత్రం మింగకుండా వదిలేశాయి. చుట్టూ చీకటి, నడుమ నిప్పుకణం! సిద్దప్ప ఎర్రమిట్ట పెరట్లో నల్లకోడి మెడ విరిచి బండ మీద రక్తం ధారపోసి, వినరాని బీజాక్షరాలు ఏవో గొణిగాడు. మరుక్షణం ఆ రాయి పూచికపుల్లలా తేలిక పడింది. ఇద్దరూ దాన్ని ట్రాక్టరు ట్రాలీ మీద వేశారు. మునీశ్వరి ఎవరూ చెప్పకుండానే ఎక్కి దాని పక్కన కూర్చుంది, పుట్టింటికి పోతున్న ఆడపడుచులా.

సీగలపాడుకు నాలుగు మూలల నాలుగు ఎల్లరాళ్లు ఉన్నాయి, ఒక్కోదాని మీద సూర్యుడూ చంద్రుడూ చెక్కి. ఆ గీతకు ఇవతల గంగులప్ప ఆగిపోయాడు. భార్య చెయ్యి వదలడానికి ఆయన వేళ్లు ఒప్పుకోలేదు. సిద్దప్పే విడదీశాడు. రాయి పాత గుంత అంచున ఆనించి, మునీశ్వరిని పక్కన కూర్చోబెట్టి, చుట్టూ బూడిదతో త్రికోణం గీసి, అతను గుంతలోకి దిగి తవ్వసాగాడు.

ఉరుములు మొదలయ్యాయి... పూడిన బావిలోనుంచి ఏదో మూలుగు... గుట్ట మీద ఒకటి కాదు, పది కాదు, లెక్కకు అందనన్ని గుడ్లగూబలు ఏకకంఠంతో కూస్తున్నాయి! సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. దిబ్బ నిండా నీడలు లేచాయి. కూలిన పునాదుల్లో, లేని గడపల ముందు, లేని అరుగుల మీద... ఎవరి ఇంటి ముందు వాళ్లు! ఊరు ఊరంతా తన చోట తాను నిలబడి గుంత వైపు చూస్తోంది.

సిద్దప్ప చేతులు పైకెత్తాడు. ఆ చేతుల్లో మట్టి కారుతున్న కపాలం!

కావలి మనిషిది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కంకాళమై, వందల ఏళ్లు మున్నూట అరవై ప్రాణాలను ఎల్ల దాటకుండా కాచిన ఊరిపెద్దది. దాని కంటి గుంతల్లో మట్టితో పాటు ఏదో ఎర్రగా మెరిసింది. సిద్దప్ప ఆ కపాలం నడినెత్తిన తన బొటనవేలు కోసి రక్తం అద్ది, దిక్కులు పిక్కటిల్లేలా నవ్వాడు. ఆ నవ్వులో గంగులప్పకు అంతా అర్థమైంది, కాస్త ఆలస్యంగా.

"మున్నూట అరవై మంది," అన్నాడు సిద్దప్ప, గంగులప్పకు వినపడేలా. "సావులేని పనోళ్లు. నేను పొమ్మన్న ఇంటికి పోతారు, తెమ్మన్న ప్రాణం తెస్తారు. రాయి కింద నా మాట వినే కావలి ఒకటి ఉంటే సాలు, ఎల్ల నన్నూ ఆపదు, వీళ్లనీ ఆపదు. నీ పెండ్లాము నోట్లోంచి వీళ్లంతా మాట్లాడతాండారు. ఇంతకన్నా మంచి కావలి నాకి యాడ దొరుకుతుంది?"

"సామీ, ఆమెను ఇడిసిపెట్టు. నన్ను కూసోబెట్టుకో."

"నువ్వు పనికిరావప్పా. నీలో ఎవురూ లేరు."

మంత్రం మారింది. మునీశ్వరి లేచింది. నిద్రలో నడిచినట్టు నడిచి గుంతలోకి దిగి, ఊరిపెద్ద కూర్చున్న చోటే మఠం వేసుకుని కూర్చుంది. సిద్దప్ప కపాలాన్ని చంకలో ఇరికించుకుని, గుంత పైకెక్కి రాయి వైపు తిరిగాడు. ఒక్క తోపు... అంతే మిగిలింది.

ఎల్ల దాటితే ఏమవుతుందో గంగులప్పకు తెలుసు. పల్లవి చెప్పింది, మరవద్దని మరీ చెప్పింది. ఆయన మరవలేదు. అన్నీ గుర్తుండగానే దాటాడు.

కుండపెంకులు అరికాళ్లు కోస్తుంటే దిబ్బ ఎక్కాడు. నీడల మీదినుంచి పరిగెత్తాడు, ఒక్కో నీడ తాకినప్పుడల్లా ఎముకల్లోకి చలి పాకింది. "పట్టుకోండి వాణ్ణి!" అని సిద్దప్ప కపాలం ఎత్తి గర్జించాడు. నీడలు కదిలాయి. గంగులప్ప కాళ్లకు, నడుముకు, మెడకు మంచుచేతులు చుట్టుకున్నాయి. అయినా ఆయన పాకాడు, గుంత అంచుకు చేరి, చెయ్యి జాపి మునీశ్వరి జుట్టు దొరకబుచ్చుకుని, బలమంతా పెట్టి పైకి ఈడ్చాడు. ఆమె కెవ్వుమంది... ఆ ఒక్క అరుపు మాత్రం ఆమె సొంత గొంతుతో!

ఆమె పైకి రావడం, సిద్దప్ప అడ్డుపడబోయి గుంతలోకి జారడం, ఆకాశం రెండుగా చీలినట్టు పిడుగు పడటం, అన్నీ ఒక్క రెప్పపాటున జరిగాయి. ఎవరూ తొయ్యని రాయి దానంతట అది లేచింది! గుంత మీద ఒక క్షణం నిలువుగా ఆగింది. కింద సిద్దప్ప, గుండెలకు కపాలం హత్తుకుని, పైకి చూస్తున్నాడు.

"ఆగండి! నేను మీ ఏలికని! కపాలం నా చేతిలో ఉండాది!"

మునీశ్వరి పెదవులు కదిలాయి. మాట్లాడింది ఒక మనిషి కాదు. మున్నూట అరవై మంది, నింపాదిగా, పంచాయతీలో తీర్పు చెప్పినట్టు.

"కావలి ఎముక పెరికినావు. కావలి లేకుండా ఊరు ఉండదు. ఇంక నువ్వే కూసోప్పా."

సిద్దప్ప తనకు తెలిసిన మంత్రమల్లా చదివాడు. మూడు భాషల్లో చదివాడు! ఒక్క అక్షరమూ పలకలేదు. తాను పిలిచిన బేతాళ గణాలు తన గొంతులోనే గడ్డకట్టాయి. గుంత గోడలు దగ్గరికి జరిగాయి. శతాబ్దాల పాటిమన్ను, పెంకులు, బూడిద, ఎముకల పొడి, అన్నీ జారిజారి అతని మోకాళ్లు, నడుము, ఛాతీ కప్పేశాయి. చెమట ఎరగని ఆ నుదుటి మీద మొదటిసారి చెమట పట్టింది. ఆ ఇస్త్రీ చొక్కా చేతులు రెండూ గాలిని గీరాయి, గీరాయి... వాటి మీదికి రాయి దిగింది. నేలలో మోకాలెత్తు మిగిలేలా, నిలువునా, ఎప్పుడూ కదలనట్టే కుదురుకుంది. లోపలినుంచి వచ్చిన అరుపు చాలాసేపు వినపడింది. తర్వాత వాన మొదలైంది.

నీడలు లేవు. గుడ్లగూబలు లేవు. మబ్బులు సూర్యుణ్ణి పూర్తిగా కప్పేశాయి.

"ఏమయ్యా," అంది మునీశ్వరి, వానలో తడుస్తూ. "మనం ఈడ యాల ఉండాము?"

గంగులప్ప ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అవే కళ్లు, ఆయన్ను ఎరిగిన కళ్లు. జీవితంలో ఇంత సంతోషం ఆయన ఎన్నడూ పడలేదు. "ఏం లేదు, ఇంటికి పోదాం పా," అని ఆమెను భుజాన వేసుకున్నాడు. నెలరోజులుగా తినని మనిషి, పిడకల తట్టంత బరువు కూడా లేదు.

ఎల్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె వగర్చడం మొదలుపెట్టింది. ఇంకొక అడుగు... ఆమె ఊపిరి ఆగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. ఆయన వెనక్కి ఒక్క అడుగు వేశాడు, ఊపిరి తిరిగి వచ్చింది. తూరుపు మూలకు పోయి చూశాడు. అక్కడా అంతే. పడమర, ఉత్తరం... అంతే. ఆమెను దించి తాను ఒక్కడే ఎల్లరాయి దాటబోయాడు. గుండె చివ్వున ఆగింది. కళ్లు బైర్లు కమ్మి వెనక్కి పడ్డాడు. బురదలో పడుకుని వాన చూస్తూ, పల్లవి చెప్పింది ఒక్కొక్క మాటా నెమరువేసుకున్నాడు. రాయి నిలిచిన పొద్దు ఎల్ల లోపల ఉన్నవాళ్లంతా ఊరివాళ్లే. ఎవరో వచ్చి రాయి మళ్లీ పెరికితే? ఊరంతా మళ్లీ ఏదో ఒక పెరట్లో కూర్చుంటుంది, ఇంకొక ఇల్లాలి నోటితో మాట్లాడుతుంది. ఆ పని చెయ్యమని ఎవరికి చెప్పగలడు?

సాయంకాలానికి వాన వెలిసింది. మునీశ్వరి కూలిన గోడకు ఆనుకుని కూర్చుని, ఆయన భుజం మీద తల పెట్టుకుంది. కొంతసేపు ఆమె మునీశ్వరి. ఇంకొంతసేపు ఆమె వేరే ఎవరో. ఎప్పుడు ఎవరో చెప్పడానికి గుర్తులేమీ లేవు.

అప్పుడు వినపడింది స్కూటీ చప్పుడు.

రోడ్డు మీద స్కూటీ ఆపి, ట్రాక్టరు చూసి, బురదలో పడుతూ లేస్తూ చేలగట్టు మీదుగా వస్తోంది వెన్నెల. రోజూ తండ్రి చెప్పే అబద్ధం నమ్మడం ఇక ఆ పిల్ల వల్ల కాలేదు, ఎర్రమిట్టలో అడిగి ఇటు వచ్చింది. "నాయనా! అమ్మా!" అని పిలుస్తోంది. ఎల్లరాయికి వంద అడుగుల దూరంలో ఉంది.

"వచ్చిందా నా బంగారు," అంది మునీశ్వరి. లేచి నిలబడి రెండు చేతులూ చాచింది. ఆ గొంతులో ఎంత ప్రేమ! "రామ్మా వెన్నెలా. బిరీన రా తల్లీ. నిన్ను సూసి ఎన్నాళ్లయింది."

అది తల్లి పిలుస్తోందా, ఊరు పిలుస్తోందా? గంగులప్పకు తెలియలేదు. ఆమె ముఖంలోకి వెతికి వెతికి చూశాడు, తెలియలేదు. తెలిసినా చేసేది ఒకటే. రాయి నిలిచిన పొద్దు ఇంకా కుంకలేదు, ఎల్ల లోపల అడుగు పెడితే ఆ పిల్లా ఊరిదే.

"ఆడనే ఆగు," అని అరిచాడు. "రావద్దు. ఇంటికి పో."

"అమ్మ ఎందుకట్ల అయిపోయింది నాయనా? మీరేం జేస్తాండారు ఈడ?"

"పొమ్మంటే నీకి కాదా? పో."

వెన్నెల ఆగలేదు. తల్లి అంత చిక్కిపోయి, చేతులు చాచి పిలుస్తుంటే ఏ బిడ్డ ఆగుతుంది? యాభై అడుగులు... ముప్పై... గంగులప్ప వంగి, చేతికందిన కుండపెంకు తీసి విసిరాడు. అది ఆమె కాళ్ల ముందు పడింది. ఆమె బిత్తరపోయి చూసి, మళ్లీ అడుగు వేసింది. రెండోది భుజానికి తగిలింది. మూడోది నుదుటికి తగిలి రక్తం కారింది. చిన్నప్పుడు కూడా ఆ పిల్ల మీద చెయ్యెత్తి ఎరగని తండ్రి ఆయన.

"నాయనా..." అంది వెన్నెల, నుదురు పట్టుకుని.

"నువ్వు నా కూతురివి కాదు. నీ మొకం సూడాలని లేదు మాకి. ఇంకోసారి ఈ పక్కకి వస్తే సంపేస్తాను," అన్నాడు గంగులప్ప. ఇంకొక పెంకు ఎత్తాడు. ఆయన చెంపల మీద కన్నీళ్లు ధార కడుతున్నాయి. బురద పూసుకున్న ఆ ముఖం మీద అవి ఆమెకు కనపడవు.

ఆమె వెనక్కి నడిచింది, తిరిగి తిరిగి చూస్తూ. స్కూటీ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. చీకటి పడేముందు లేచి వెళ్లిపోయింది. మునీశ్వరి పిలుస్తూనే ఉంది.

వెన్నెల ఎలాంటి పిల్లో గంగులప్పకు బాగా తెలుసు. అచ్చం తల్లి పోలిక, ఒకసారి కొడితే మానుకునే రకం కాదు. రేపు మళ్లీ వస్తుంది. ఎల్లుండి కూడా వస్తుంది. లోపలికి రానిస్తే, అమ్మానాయనల్ని విడిపించాలని ఆ రాయి పెరక్కుండా ఉండదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, మసకవెలుతురులో చేతులతో తడుముకుంటూ, అంచు మొండిగా ఉన్న పెంకులు ఒక్కొక్కటే ఏరి ఎల్లరాయి పక్కన కుప్ప పెట్టసాగాడు.